పదకొండో వరుస

కాత్యాయనికి చిక్కంతా ఒక ఖాళీతో వచ్చింది.

పదకొండు వరుసల పటంలో పది వరుసలు ముచ్చటగా కుదిరాయి. పదకొండోది మాత్రం నడిమధ్యలో పళ్ళూడిన నోరులా బోసిగా ఉంది. రెండేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా చేసిన పని. ఆ పటం పూర్తయితే డాక్టరేటు వచ్చినట్టే. ఆ బోసినోరు చూసినప్పుడల్లా ఆమెకు అన్నం సహించేది కాదు.

ఆ పటం గొర్రెల ప్రాణం తీసే ఒక సూక్ష్మజీవిది. గాలి తగిలితే అది పెరగదు. అందుకని గాలి అందని గొర్రె పేగుల్లో చడీచప్పుడు లేకుండా పడి ఉంటుంది. తొలకరి వానలకు లేతగడ్డి మొలిచి, గొర్రె ఆశకొద్దీ మేసిందా, లోపల ఇది విపరీతంగా పెరిగి విషం కక్కుతుంది. సాయంత్రం గంతులేసిన పిల్ల తెల్లారేసరికి ఉండదు. చిటికె వేసినంతలో ప్రాణం పోతుంది కాబట్టి కాపరులు దీన్ని చిటుకు రోగం అంటారు. మందలో బక్కవి బతికిపోతాయి, బాగా బలిసినవే ముందు పోతాయి.

ఈ రోగానికి టీకా ఆ విషంతోనే చేస్తారు. సూక్ష్మజీవిని గొట్టాల్లో పెంచి, అది కక్కిన విషానికి కోరలు పీకి, గొర్రెకు సూదిమందుగా ఇస్తారు. గొర్రె ఒళ్ళు ఆ విషాన్ని గుర్తుపెట్టుకుని, అసలుది వచ్చినప్పుడు తిప్పికొడుతుంది. అలా పెంచడానికి దాచి ఉంచిన సూక్ష్మజీవిని విత్తనం అంటారు. కాత్యాయని పనిచేసే టీకాల కేంద్రంలో ఆ విత్తనం నలభై ఏళ్ళనాటిది.

పది జిల్లాల్లో చచ్చిన గొర్రెల నుంచి పది రకాలు తెప్పించింది కాత్యాయని. పదకొండోదిగా కేంద్రం విత్తనాన్నే పెట్టింది. ఒక్కోదాని జన్యువుల అక్షరాలు యంత్రంతో చదివించి, విషం తయారయ్యే భాగాన్ని ఒకదాని కింద ఒకటి పేర్చింది. ఒక్కో జన్యువుకు ఒక్కో బాణం గుర్తు. విషం తయారుచేసే జన్యువుకు ఎర్ర బాణం. పది వరుసల్లో ఎర్ర బాణం ఉంది. విత్తనం వరుసలో అది ఉండాల్సిన చోటే ఖాళీ.

చదవలేని చోట యంత్రం 'ఎన్' అని రాస్తుంది. నాకు తెలియదు అని దాని భాష. విత్తనం వరుసలో పన్నెండు వేల ఎన్‌లు వరసగా కూర్చున్నాయి. కాత్యాయని మళ్ళీ మొదటి నుంచి చదివించింది. మళ్ళీ అదే చోట మొదలై, అదే చోట ముగిశాయి.

యంత్రం సరిగా చదవలేదనుకుంది. అలా అనుకోవాలని నిర్ణయించుకుంది అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

పది పదిహేను అక్షరాల గుంతలు పడితే, బాగా చదివిన వరుస నుంచి అక్షరాలు తెచ్చి పూడ్చడం ఆ పనిలో మామూలే. కంప్యూటర్లో అందుకో మీట కూడా ఉంది. కాత్యాయని పన్నెండు వేల అక్షరాల గోతిని ఆ ఒక్క మీటతో పూడ్చేసింది. మొదటి వరుసలోని అక్షరాలు వచ్చి పదకొండో వరుసలో కూర్చున్నాయి. వాటి వెంట ఎర్ర బాణం కూడా చక్కా వచ్చి కూర్చుంది. ఆ పూట ఆమె క్యాంటీన్లో రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నది.

ఇదివరకు ప్రతిసారీ విత్తనం పెంచిన రసాన్ని ఎలుకలకు ఎక్కించి, అవి చస్తేనే విషం ఉన్నట్టు లెక్క. ఆ ఏడాది నుంచి ఆ పరీక్ష మానేశారు. జన్యువు ఉందని పటం చెబితే చాలన్నారు. ఎలుకలు బతికిపోయాయని కేంద్రంలో అందరూ సంతోషించారు. గొర్రెల సంగతి ఎవరికీ తట్టలేదు.

కాత్యాయని గురువు ప్రొఫెసర్ దస్తగిరి గారు. గాలి పడని ఈ సూక్ష్మజీవులతో ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి. మాట బహు పొదుపు. ఆయన దగ్గర చేరినవాళ్ళు మొదటి ఆరునెలలు, ఈయనకు పాఠం చెప్పడం రాదేమో అనుకుంటారు. తర్వాత వాళ్ళూ మాట్లాడటం తగ్గిస్తారు. కాత్యాయనికి రెండేళ్ళయినా ఆ జబ్బు అంటలేదు.

పటం మొదటిసారి చూపించినప్పుడు ఆయన చాలాసేపు చూసి, "నున్నగా ఉందమ్మా" అన్నారు. ఆమె దాన్ని మెచ్చుకోలు అనుకుంది.

ఆ పటం బలం మీద మొదటి విడత టీకా నాలుగు ఊళ్ళకు వెళ్ళింది. నెల తర్వాత రెండో విడత సిద్ధమైంది. అరవై వేల గొర్రెలకు సరిపడా మందు. తొలకరి అప్పటికే రెండు వానలు కురిసింది. ఊళ్ళ నుంచి తొందరపెడుతూ ఒకటే ఫోన్లు.

ఆ రోజు పొద్దున పది గంటలకు ఆవరణలో లారీ ఆగి ఉంది. చల్లగది నుంచి పెట్టెలు దాంట్లోకి ఎక్కుతున్నాయి. దస్తగిరి గారి సంతకం పడితే బయల్దేరుతుంది. కాత్యాయని ఆ కాగితం, దానికి జతగా తన పటం పట్టుకుని ఆయన కోసం వరండాలో నిలబడింది.

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. భుజాన గొంగడితో ఒక కాపరి దిగాడు. ఆటోలోంచి గోనెసంచి లాగి, రెండు చేతులా ఎత్తుకుని వచ్చి, వరండా మెట్టు మీద దించాడు. సంచి మూతిలోంచి గొర్రెపిల్ల కాలు ఒకటి బిగుసుకుపోయి బయటికి పొడుచుకొచ్చింది.

"సారు యాడుండాడు మేడం?" అన్నాడు. పేరు బీరలింగప్ప. మొదటి విడత మందు వెళ్ళిన ఊరతను.

దస్తగిరి గారు గదిలోంచి బయటికి వచ్చారు.

"నిన్న పొద్దు గూకేదాకా ఎగిరెగిరి దుంకింది సార్. తెల్లారి చూస్తే కాళ్ళు తన్నుకోని పడుండాది. ఇది ముప్పై ఏడోది."

"ఎన్నిట్లో?" అన్నారు దస్తగిరి గారు.

"నూటిరవైలో."

"టీకా వేయించలేదా మీరు?" అంది కాత్యాయని.

"ఏపిస్తిని గదా మేడం. మీ సూదే. ఒక్కదాన్ని గుడ ఇడిసిపెట్టలేదు."

దస్తగిరి గారు చొక్కా చేతులు మడుచుకుని, సంచి తనే ఎత్తుకుని, వెనక వసారాలోని నాపరాతి బల్ల మీద పిల్లను పడుకోబెట్టి కోశారు. మూత్రపిండం ఒకటి తీసి కాత్యాయని అరచేతిలో పెట్టారు. ఆమె వేలితో ఊరికే అలా అదిమింది. మాగిపోయిన పండులా చితికి, వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. కాత్యాయని అదిరిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. చిటుకులో మూత్రపిండం ఇలా మెత్తబడుతుందని పుస్తకాల్లో వందసార్లు చదివింది, చేతిలో పడటం అదే మొదటిసారి.

"చిటుకే," అన్నారు దస్తగిరి గారు.

చేతులు కడుక్కుని ముగ్గురూ ప్రయోగశాలలోకి వచ్చారు. అక్కడ తొట్టి దగ్గర నరసమ్మ గాజుగొట్టాలు తోముతోంది. ఇరవై రెండేళ్ళుగా ఆ గదికి ఆవిడే దిక్కు. సూక్ష్మజీవులకు మాంసం ముక్కలు ఉడకబెట్టి రసం కాచేదీ ఆవిడే, ఆ తర్వాత గొట్టాలు కడిగేదీ ఆవిడే.

బయట లారీ ఉంది. కాత్యాయని చేతిలో కాగితం ఉంది. రోగం వచ్చింది, టీకా వేసినా వచ్చింది. తప్పు ఎక్కడో ఉండాలి. ఆ తప్పు ఇక్కడ ఉండకూడదు.

"మందు ఐసు పెట్టెలోనే తెచ్చారా?" అని అడిగింది.

"ఐసులోనే మేడం. మూత తీస్తే పొగలొచ్చినాయి."

"రెండో డోసు?"

"పదైదు దినాలకు అదీ ఏసినారు."

"సూది సరిగా దిగి ఉండదు."

"నేనే గదా మేడం ఒక్కోదాన్ని పట్టుకున్యది. బాగనే దిగింది."

"నట్టల మందు తాగించారా, టీకాకు ముందు?"

బీరలింగప్ప తల దించుకున్నాడు. "ఈయేడు తాపలేదు మేడం. మా యమ్మకు బాగలేక ఆస్పత్రిలో ఉంటిమి. ఆ తిరుగుట్లో మరిసిపోయినా."

"చూశారా మరి!" అంది కాత్యాయని. గొంతులో తనకే తెలియకుండా ఉత్సాహం వచ్చేసింది. "కడుపులో నట్టల పురుగులుంటే టీకా పట్టదండి. గొర్రె ఒంట్లో సత్తువ ఉంటేగా?"

భుజం మీది గొంగడి జారితే అతను సర్దుకోలేదు.

"అయితే నా గొర్రెల్ని నేనే సంపుకొంటినా మేడం?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకునే వీలు కాత్యాయనికి ఉంది. ఆమె తప్పించుకోలేదు, అంతకన్నా ఘోరమైన పని చేసింది. కుర్చీ లాక్కుని కూర్చుని, పటం విప్పి బల్ల మీద పరిచి, పెన్సిలు అందుకుంది.

"మా టీకాలో లోపం లేదని మీకే చూపిస్తాను, రండి. ఈ పది వరుసలు పది జిల్లాల రోగానివి. ఈ పదకొండోది మా విత్తనం. ఈ ఎర్ర బాణమే విషం. అన్నిట్లో ఉంది కదా? మా దాంట్లోనూ ఉంది." గట్టు మీద చెక్కపీటలో నిలబెట్టిన గొట్టం వైపు చెయ్యి చూపింది. "అదుగో, ఆ గొట్టంలో ఉన్నది మా విత్తనం పెంచి వడగట్టిన రసం. ఇంకా మందుగా మార్చలేదు, పచ్చి విషం. ఒక్క గుక్క లోపలికి పోతే నిలువెత్తు మనిషి మళ్ళీ లేవడు."

నరసమ్మ ఆ మాట విని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గట్టుకు ఇంకా రెండడుగులు దూరం జరిగింది.

బీరలింగప్ప బల్ల మీదికి వంగాడు. అక్షరాలు రావు అతనికి. మంద గేటులోంచి ఇవతలికి వస్తుంటే చూసినట్టు, ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్కో వరుసా నెమ్మదిగా చూసుకుంటూ వచ్చాడు.

"ఈ సన్న గీతలేంది మేడం?"

"ఒకదానికీ ఇంకొకదానికీ ఉన్న తేడాలు. ఒంటిమీద మచ్చలనుకోండి."

"ఆఁ." ఇంకాసేపు చూశాడు. వేలు మొదటి వరుస మీద పెట్టి, తర్వాత అడుగు వరుస మీద పెట్టాడు. "ఇదీ ఇదీ ఒకటే గదా మేడం?"

"కాదండి. అది పక్క జిల్లాది, ఇది నలభై ఏళ్ళ కిందటిది. ఒకటెలా అవుతాయి?"

"ఈ కొనలు వేరే వేరే. నడిమిది ఒకటే. మచ్చలు ఒకే తావులో ఉండాయి చూడండి. కవలపిల్లలకు గుడ అట్ల పడవు మేడం. ఒక్క గొర్రెనే రెండుసార్లు నడిపించినారు."

కాత్యాయని నవ్వింది. ఆ నవ్వు రావలసిన దానికంటే కొంచెం ఆలస్యంగా వచ్చింది. "ఇది జన్యుశాస్త్రమండి, గొర్రెల దొడ్డి కాదు."

దస్తగిరి గారు ఎదురు కుర్చీలో కూర్చుని పటాన్ని తన వైపు తిప్పుకున్నారు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఎడమ చూపుడువేలు మొదటి వరుస మీద, కుడి చూపుడువేలు పదకొండో వరుస మీద పెట్టారు. రెండు వేళ్ళూ జోడెడ్లలా పక్కపక్కనే నడిచాయి. ఒక గీత దగ్గర ఆగాయి. మళ్ళీ నడిచి ఇంకో గీత దగ్గర ఆగాయి. రెండూ ఒక్కసారే.

బయట లారీ హారన్ మోగింది.

"సార్, సంతకం," అంది కాత్యాయని.

ఆయన కలం మూత తీశారు. కాగితం మీదికి వంగి, తల ఎత్తారు.

"విత్తనంలో విషం ఉన్నట్టేనా అమ్మా?"

"ఉంది సార్."

"నువ్వు చూశావా?"

"పటంలో ఉంది సార్."

ఆయన మూడో ప్రశ్న వేయలేదు. కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. లేచి గట్టు దగ్గరికి నడిచారు. చెక్కపీటలోంచి ఆ గొట్టం తీసి, వెలుగుకు ఎత్తి చూశారు. పలచని తేనె రంగులో ఉంది రసం. నోటికున్న దూది ఉండ తీసి పక్కన పెట్టారు.

"బిస్మిల్లా," అన్నారు, రోజూ మంచినీళ్ళు తాగే ముందు అన్నట్టే. గొట్టం పెదాలకు ఎత్తారు.

తోముతున్న గొట్టాలన్నీ భళ్ళున తొట్టిలో పడేసి నరసమ్మ కేక పెట్టింది. ఏ కేకో ఆవిడకే తెలియదు. యాభై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేని మనిషి, అంత దూరం ఒక్క అంగలో వచ్చిపడి ఆయన చేతి మీద కొట్టింది. గొట్టం ఎగిరి గోడకు తగిలి పగిలింది. రసం ఆవిడ చీర మీద చిందింది. ఆ తోపుకు దస్తగిరి గారు గట్టుకు జారగిలబడ్డారు. ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని ఊపేస్తూనే ఉంది.

"పోయిందా లోపలికి? సారూ! ఉమ్మెయ్యి, ఉమ్మెయ్యి సారూ! చుక్క పోయిందా?"

బీరలింగప్ప కొయ్యబారిపోయి నిలబడ్డాడు.

"పోలేదు నరసమ్మా," అన్నారు దస్తగిరి గారు. "చీర మార్చుకో ముందు. గాజు గుచ్చుకుందేమో చూసుకో."

నరసమ్మకు అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కోపంగా కాత్యాయని వైపు తిరిగింది.

"అట్ల కూసోని చూస్తావుండారేంది తల్లీ! మీరే గదమ్మా సెప్పింది, గుక్క తాగితే లేవడని! మీరే గదా!"

కాత్యాయని కుర్చీలో కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి. పటం మీద ఎక్కడ పెట్టిన పెన్సిలు అక్కడే ఉంది. కుర్చీ అంగుళం కూడా కదల్లేదు.

ఆమె గట్టు వైపు చూసింది. మూడంటే మూడడుగుల దూరం. నరసమ్మ తొట్టి ఆ మూల, గదికి అవతలి కొసన ఉంది. ఆయన దూది తీయడం చూసింది, గొట్టం ఎత్తడం చూసింది, పెదాలకు ఆనించడం కూడా చూసింది. తన ఒంటి మీద ఒక్క వెంట్రుక కూడా నిక్కబొడుచుకోలేదు. కన్నతండ్రి కన్నా ఎక్కువనుకునే మనిషి విషం తాగబోతుంటే, తనకు భయం వేయలేదు.

ఎందుకు వేయలేదు?

జవాబు తెలిసిన క్షణాన ఆమె ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఇందాక గొర్రెపిల్లను కోసినప్పుడు కూడా ఇంత బెదరలేదు. ఇప్పుడు తనను చూసి తనే బెదిరింది.

"సార్," అంది. మాట బయటికి రాలేదు. మళ్ళీ అంది. "అందులో ఏమీ లేదు సార్."

దస్తగిరి గారు కళ్ళద్దాలు కిందికి దించుకుని ఆమె వైపు తిరిగారు.

"రెండుసార్లు చదివించాను. రెండుసార్లూ అక్కడ ఖాళీయే వచ్చింది. ఒకే చోట మొదలైంది, ఒకే చోట ముగిసింది. యంత్రం తప్పయితే అలా రాదు. నాకు తెలుసు. విత్తనం ఆ జన్యువును వదిలేసింది సార్. మొదటి వరుస తెచ్చి నేనే పూడ్చాను." చేతులతో మొహం కప్పుకోబోయి ఆగింది. బీరలింగప్ప తనవైపే చూస్తున్నాడు.

ఆమె లేచి అతని ముందుకు వెళ్ళి నిలబడింది.

"నట్టల మందుకూ దీనికీ సంబంధం లేదండి. మీ తప్పేమీ లేదు. మేమిచ్చిన సూదిలో మందు లేదు."

"మందు లేదంటే?"

"ఉత్త మాంసం రసం. అంతే."

అరుస్తాడనుకుంది కాత్యాయని. కొట్టినా బాగుండుననుకుంది.

"అయితే నేను సంపలేదా?" అన్నాడు అతను.

"లేదు."

"నేను సంపలేదు గదా?"

"లేదండి. మీరు కాదు."

అతను ఉన్నచోటే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. గొంగడి అంచు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ముప్పై ఏడు గొర్రెలు పోయినప్పటి నుంచీ అతను ఏడ్చినట్టు లేదు. ఆ ఏడుపు చూడలేక నరసమ్మ తన ఏడుపు మానేసి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. గాజు గీసుకున్న ఆవిడ వేలి నుంచి రక్తం కారుతోంది, ఆవిడ చూసుకోనేలేదు.

నీళ్ళు తాగి అతనే ముందు తేరుకున్నాడు. "పక్కూళ్ళల్లో గుడ ఈ సూదే ఏసినారు మేడం. మా బావమరిది మంద రెండొందలు. గడ్డి లేసింది. వాళ్ళకు చెప్పల్ల గదా?"

బయట లారీ మళ్ళీ హారన్ కొట్టింది.

కాత్యాయని వరండా దాటి పరుగెత్తింది. చెప్పులు వరండాలోనే ఉండిపోయాయి. లారీ ముందుకెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడింది. పెట్టెలు దింపమంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవరు చెప్పారని అడిగాడు.

"నేనే చెబుతున్నా. పనికిరాని మందు. నావల్లే ఇంతదాకా వచ్చింది. దింపండి."

ఎక్కించడానికి రెండు గంటలు పట్టిన పెట్టెలు దింపడానికి మూడు గంటలు పట్టింది. ఈలోగా ఆమె దస్తగిరి గారి గదిలో కూర్చుని నాలుగు ఊళ్ళకూ ఫోన్లు చేసింది. మందను లేతగడ్డి మీదికి తోలొద్దంది, పొద్దున ఎండుమేత వేశాకే వదలమంది. పొరుగు జిల్లా టీకాల కేంద్రం నుంచి వేరే మందు వస్తోందని చెప్పింది. ప్రతి ఫోనులోనూ మొదట తన పేరు, ఆ తర్వాత తన తప్పు చెప్పింది. రెండో ఊరాయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఆమె అన్నీ విని, సరేనండి, గడ్డి మీదికి మాత్రం తోలొద్దు అంది. మూడో ఊళ్ళో అప్పటికే తొమ్మిది పోయాయి.

బీరలింగప్ప వెళ్ళేటప్పుడు కేంద్రం జీపే తోడు వెళ్ళింది. నిరుటి విడత మందు, ఎలుకల పరీక్షలో నెగ్గినది, చల్లగది అడుగున కొంత మిగిలి ఉంటే నరసమ్మ గుర్తుచేసి తీయించింది. అతని మిగిలిన ఎనభై మూడు గొర్రెలకు అది సరిపోతుంది.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి గచ్చు మీద పడుతోంది. కాత్యాయని ప్రయోగశాలలో మోకాళ్ళ మీద కూర్చుని, తడిగుడ్డతో గాజుపెంకులు ఏరుతోంది. నరసమ్మను వేలికి కట్టు కట్టించుకుని ఇంటికి వెళ్ళమని ఆమే పంపేసింది. వెళ్ళేముందు కాత్యాయని ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "ఊరుకోండమ్మా" అంది నరసమ్మ.

దస్తగిరి గారు బల్ల దగ్గర కూర్చుని, పైవాళ్ళకు పంపాల్సిన ఉత్తరం రాస్తున్నారు. ఎలుకల పరీక్ష మానేశాక విత్తనాన్ని మళ్ళీ సరిచూసుకోలేదని, అందులో తన వంతు తప్పు ఎంతో ముందు రాసి, కాత్యాయని తప్పు తర్వాత రాశారు. చదవమని ఆమెకు ఇచ్చారు. ఆమె చదివి, ఒక్క మాటా మార్చకుండా తిరిగి ఇచ్చింది.

ఆయన కవరు మీద చిరునామా రాయసాగారు, ఆమె మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని పెంకులు ఏరసాగింది.

"సార్," అంది కాత్యాయని, తల ఎత్తకుండా. "మీరు నిజంగానే తాగేసేవారా?"

కలం ఆగింది.

"నువ్వు ఆపుతావనుకున్నానమ్మా," అన్నారు దస్తగిరి గారు.